అరమండి చక్కగా కుదిరిన అమ్మాయికి బాలేలో పాదాలు ఎందుకు తిరగడం లేదు?

కొర్లగుంట_అమ్మ
మా అమ్మాయికి 12 ఏళ్ళు. ఆరేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు తెరిచి సగం కూర్చున్న భంగిమలో, ఉంటే మోకాళ్ళు చెరో గోడనూ చూస్తాయి. కొత్త పిల్లలు వస్తే వాళ్ళ గురువుగారు దీన్నే పిలిచి చూపిస్తారు. నాలుగు నెలల నుంచి ఆదివారాలు తిరుపతి నుంచి చెన్నై వెళ్ళి బాలే అనే పాశ్చాత్య నాట్యం కూడా నేర్చుకుంటోంది. పొద్దున్నే రైలెక్కితే ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. అయినా దాని ఉత్సాహం చూసి తీసుకువెళ్తున్నాను.

అక్కడ మొదటి పొజిషన్‌లో మడమలు కలిపి, రెండు పాదాలూ ఒకే గీత మీద ఉండేలా, అంటే 180 డిగ్రీలు తిప్పి నిలబడమంటున్నారు. మా పిల్ల నిలబడుతోంది కానీ పాదం లోపలి వంపు పూర్తిగా నేలకు అంటుకుపోతోంది. రెండు వారాలుగా ఎడమ మోకాలి లోపలి వైపు నొప్పి అంటోంది. బాలే నేర్పే ఆవిడ "ఇన్నేళ్ళు నేలను తన్నీ తన్నీ కాళ్ళు పాడుచేసుకుంది" అంటారు. కూచిపూడి గురువుగారేమో "పరాయి నాట్యం ఎందుకమ్మా, కాలు విరగ్గొట్టుకోవడానికా?" అంటారు. ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను. ఆరేళ్ళ అరమండి ఉన్న పిల్లకు నిలబడి తిప్పడం ఎందుకు రాదు? రెండింట్లో ఏది మాన్పించాలి?

మునివేళ్ళు
ముందు ఒక్క విషయం చెప్పండి. మోకాళ్ళు కాస్త వంచి, పాదాలను బయటికి తిప్పి పెట్టుకుని, ఆ తర్వాత మోకాళ్ళు చాపుతోందా?

కొర్లగుంట_అమ్మ
అవును! అచ్చం అలాగే. మీకెలా తెలిసింది?

మునివేళ్ళు
నేనూ రెండేళ్ళు అదే చేశాను కాబట్టి. మాది చిత్తూరు. చదువు కోసం బెంగళూరు వెళ్ళి అక్కడ తొమ్మిదేళ్ళు బాలే నేర్చుకున్నాను. మోకాలు వంగి ఉన్నప్పుడు దాని కింది ఎముక కొన్ని డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. మనం ఆ సందు వాడుకుని పాదాన్ని బయటికి పెట్టేస్తాం. పాదానికి నేల పట్టు ఉంటుంది కాబట్టి మోకాలు చాపినా అది వెనక్కి రాదు. ఇక ఆ మెలిక అంతా మోకాలే మోస్తుంది, తడిబట్టను పిండినట్టు. అద్దంలో మాత్రం 180 అందంగా కనిపిస్తుంది. మా టీచరు దీన్ని ఒక్క చూపులో పట్టుకునేవారు. మీ టీచరు పట్టుకోకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఇత్తడి_పళ్ళెం
చిత్తూరులో 31 ఏళ్ళుగా కూచిపూడి నేర్పుతున్నాను. తల్లిగారికి ఒక మాట. అరమండికీ బాలే టర్నౌట్‌కీ, అంటే కాళ్ళను బయటికి తిప్పి ఉంచడానికీ, ముడిపెట్టకండి. పాత నాట్యగ్రంథం అభినయ దర్పణంలో చెప్పిన పది మండలాల్లో, అంటే నిలబడే భంగిమల్లో, ఆయత మండలం మన అరమండికి దగ్గర. పాదాల మధ్య జేన ఎడం, మోకాళ్ళు అడ్డంగా వంగి ఉండాలి. అంతేకానీ పాదాలు గీత గీసినట్టు 180 తిరగాలని అక్కడ లేదు. పిల్ల అరమండి బాగుంటే అది చాలు. ఇక నొప్పి అంటారా, నొప్పి లేకుండా ఏ నాట్యమూ రాదు. మా గురువుగారు మా తొడల మీద కాలు పెట్టి నొక్కేవారు. మేమందరం ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాం.

కీళ్ళ_పని
తిరుపతిలో ఫిజియోథెరపీ చేస్తాను. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో నాట్యం నేర్చుకునే పిల్లలు చాలామందే. పై పోస్టులో అరమండి గురించి మాస్టారు చెప్పినదానితో ఏకీభవిస్తాను, నొప్పి గురించి చెప్పినదానితో కాదు. అమ్మగారి అసలు ప్రశ్న "నిలబడితే ఎందుకు రాదు?" అని. దానికి కాస్త వివరంగా చెబుతాను.

తొడ ఎముక తల బంతిలా ఉంటుంది. అది తుంటి గిన్నెలో తిరుగుతుంది. ఆ కీలు ముందు వైపు చాలా బలమైన లిగమెంట్, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, ఒకటి ఉంది. మనం నిటారుగా నిలబడితే అది బిగుసుకుని, తొడ బయటికి తిరగడాన్ని ఆపుతుంది. తుంటి వంగితే వదులవుతుంది. అరమండిలో తుంటి, మోకాలు రెండూ వంగి ఉంటాయి కాబట్టి పిల్ల తొడలు ధారాళంగా తెరుచుకుంటాయి. అదే పిల్ల మొదటి పొజిషన్‌లో నిటారుగా నిలబడగానే ఆ పట్టీ బిగుసుకుంటుంది. అరమండిలో ఉన్నంత తిప్పడం నిలబడినప్పుడు కుదరదు. ఇది ఆమె లోపం కాదు. కూచిపూడి చేసిన చెడుపూ కాదు.

పెద్దవాళ్ళలో చాలామందికి ఒక్కో తుంటి బయటికి తిరిగేది 45 డిగ్రీల అటూ ఇటూ. రెండూ కలిపి 90. మోకాలి కింది ఎముకకు సహజంగా ఉండే మెలిక ఇంకొంత ఇస్తుంది. 180 రావాలంటే ఎముకల పొందికే వేరుగా ఉండాలి. తొడ ఎముక మెడ ముందుకు ఎంత తిరిగి ఉందనేది ఒక్కొక్కరికీ ఒక్కో రకం. పసిపిల్లల్లో అది 30 నుంచి 40 డిగ్రీలు ఉండి, పెరిగేకొద్దీ తగ్గి, పెద్దయ్యేసరికి 15 దగ్గరకు వస్తుంది. ఎవరికి ఎక్కువ మిగిలితే వాళ్ళకు కాళ్ళు లోపలికి తిరగడం సులువు, బయటికి తిరగడం కష్టం. ఎముకను మనం బతిమాలినా మారదు.

తుంటి ఇవ్వనిది ఎక్కడో ఒకచోట నుంచి దొంగిలించాలి. నడుము ముందుకు వంచి, వీపు లోతుగా చేస్తే ఆ లిగమెంట్ వదులై కొంత వస్తుంది. ఆ భారం నడుము మీద పడుతుంది. మోకాలు మెలేస్తే కొంత వస్తుంది. అప్పుడు లోపలి లిగమెంట్ సాగుతుంది. పాదం లోపలికి పడిపోతే ఇంకొంత వస్తుంది. అందుకే పాదం వంపు నేలకు అంటుకుంటోంది. మీ అమ్మాయికి మోకాలి లోపలి నొప్పీ, వంపు పడిపోవడమూ రెండూ కలిసి కనిపిస్తున్నాయంటే లెక్క సరిపోయినట్టే. అయినా ఇక్కడి మాటలతో ఊరుకోకుండా ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఆగిన_అడుగు
మాస్టారూ, మీ వయసుకు గౌరవం ఇస్తూనే అడుగుతున్నాను. "అందరం నడుస్తూనే ఉన్నాం" అన్నారు. నడవలేక మధ్యలో మానేసినవాళ్ళు ఆ లెక్కలో ఉన్నారా?

నాకు పదేళ్ళప్పుడు తరగతిలో కప్పలా బోర్లా పడుకోబెట్టి, ఇద్దరు పెద్ద అమ్మాయిలను నా తొడల మీద కూర్చోబెట్టేవారు. ఏడిస్తే "రేపటికి అలవాటవుతుంది" అనేవారు. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండేది, ఏమీ అనలేకపోయేది. 19 ఏళ్ళకు మోకాలిలో మెనిస్కస్, అంటే ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం, చిరిగింది. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా గజ్జె కట్టలేదు. అరంగేట్రం చీర ఇప్పటికీ బీరువాలో మడత విప్పకుండా ఉంది.

కొర్లగుంట అమ్మగారూ, మీరు గుమ్మంలో నిలబడి చూడకండి. లోపలికి వెళ్ళి అడగండి.

గ్రీమ్స్‌పేట_అబ్బాయి
చదివి మనసు పిండేసినట్టయింది అక్కా.

ఇత్తడి_పళ్ళెం
అమ్మా, నీ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. తొడల మీద మనుషులను కూర్చోబెట్టడం నేను ఎన్నడూ చేయలేదు, ఇక ముందూ చేయను. కానీ నేను చెప్పిన నొప్పి వేరు. అరమండిలో వంద అడుగులు వేశాక తొడ ముందు భాగం మండుతుంది. మర్నాడు మెట్లు దిగుతుంటే తెలుస్తుంది. అది కండరం పెరిగే నొప్పి. కీలులో పోటు, ఒకే చోట గుచ్చినట్టు ఉండే నొప్పి ఇంకొకటి. మొదటిది ఓర్చుకోమంటాను, రెండోదానికి ఆగమంటాను. ముందే ఇలా విడదీసి చెప్పి ఉండవలసింది.

కీళ్ళ_పని
ఇప్పుడు మాస్టారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మోకాలి లోపలి నొప్పి ఆ రెండో రకం.

ఇంట్లో చూసుకునే పరీక్ష ఒకటి చెబుతాను. పిల్లను చాప మీద బోర్లా పడుకోబెట్టండి. మోకాళ్ళు రెండూ పక్కపక్కనే ఉంచి, ఒక మోకాలిని నిలువుగా వంచి, ఆ పాదాన్ని రెండో కాలి వైపు మెల్లగా వాల్చండి. ఆ వైపు నడుము లేవబోయే చోట ఆగండి. నిలువు నుంచి ఎంత వాలిందో అంతే ఆ తుంటి బయటికి తిరిగేది. బలవంతంగా నొక్కవద్దు. కాలి బరువుకే వాలనివ్వాలి.

మునివేళ్ళు
దానికి తోడు మా టీచరు చేయించినది. పాత మేజోళ్ళు వేసుకుని నున్నటి గ్రానైట్ మీద పాదాలు ముందుకు చూసేలా నిలబడాలి. గోడ పట్టుకుని, మోకాళ్ళు చాపి ఉంచి, కాళ్ళను తొడ మొదలు నుంచి బయటికి తిప్పాలి. నేల పట్టు ఉండదు కాబట్టి పాదం మోసం చేయలేదు. తుంటి ఎంత ఇస్తే పాదం అంతే జారుతుంది. నాకు మొదటిసారి వచ్చింది 95. అప్పటివరకు 170లో నిలబడుతున్నాననుకుని మురిసిపోయేదాన్ని.

ఇంకొకటి. మోకాలి చిప్ప మధ్యలో ఒక బొట్టుబిళ్ళ, రెండో వేలి మొదట్లో ఒక బొట్టుబిళ్ళ అంటించండి. సగం ప్లియే చేయమనండి, అంటే మడమలు లేపకుండా మోకాళ్ళు వంచడం. పై బిళ్ళ కింది బిళ్ళ మీదకు రావాలి. పై బిళ్ళ బొటనవేలు దాటి లోపలికి పడితే పాదాలు ఎక్కువ తిప్పినట్టే. ఎవరి టీచరుకైనా ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

కొర్లగుంట_అమ్మ
బొట్టుబిళ్ళల సంగతి ఇప్పుడే చూశాను. పై బిళ్ళ బొటనవేలు కూడా దాటి లోపలికి వచ్చింది. ఎడమ కాలికి మరీ ఎక్కువ. మా పిల్లే వంగి చూసుకుని "అమ్మా, నా మోకాలు నా కాలితో మాట్లాడటం లేదు" అంది.

మెట్లదారి
నెలకోసారి అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కుతాను. 3,550 మెట్లు, చెప్పుల్లేకుండా. పాదాలకు ఇంతకంటే మంచి వ్యాయామం లేదని నా నమ్మకం. పిల్లను కూడా తీసుకువెళ్ళండి, స్వామి దర్శనమూ అవుతుంది.

కీళ్ళ_పని
నొప్పి తగ్గాక తప్పకుండా వెళ్ళవచ్చు. ఎక్కేటప్పుడు తొడ, పిరుదు కండరాలు బాగా పనిచేస్తాయి. దిగేటప్పుడు మాత్రం ప్రతి మెట్టుకూ తొడ ముందు కండరం సాగుతూనే బరువు ఆపాలి, మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. నడిచి ఎక్కి, బస్సులో దిగమనండి.

గ్రీమ్స్‌పేట_అబ్బాయి
నా తుంటి 35 డిగ్రీలే ఇస్తుంది. బోర్లా పడుకునే పరీక్ష నాకూ చేశారు. మొదట్లో చాలా బాధపడ్డాను. ఇప్పుడు నా అరమండి మా తరగతిలో అందరికంటే తక్కువ వెడల్పు. కానీ కదలదు. గంటసేపు జతులు వేసినా మోకాలు లోపలికి వాలదు. కాబట్టి అమ్మగారూ, బాలే మాన్పించవద్దు, కూచిపూడీ మాన్పించవద్దు. డిగ్రీలు తగ్గించమనండి చాలు.

నాకు 13 ఏళ్ళప్పుడు మడమ వెనక నొప్పి వచ్చేది. డాక్టరు ఎముక ఎదుగుతున్న చోట పిక్క కండరం లాగుతోందన్నారు. కొన్ని నెలలు గెంతడం తగ్గించాను, పోయింది. మీ అమ్మాయి కూడా పొడవు పెరిగే వయసులోనే ఉంది కదా.

చెక్క_నేల
ఎవరూ నేల సంగతి ఎత్తలేదు. మా పాప తరగతి ఒక మిద్దె మీద జరుగుతుంది. కింద కాంక్రీటు, పైన కడప బండలు. మన ఊళ్ళలో చాలా తరగతులు ఇంతే, బండలు కాకపోతే గ్రానైట్. కూచిపూడిలో అరికాలు మొత్తం నేలకు తగిలేలా తట్టాలి. బండ ఏ మాత్రం ఇవ్వదు, దెబ్బంతా కాలికే తిరిగి వస్తుంది. బాలే వాళ్ళకు కింద గాలి ఆడేలా పట్టీల మీద పరిచిన చెక్క నేల ఉంటుంది, అడుగు పడితే కాస్త దిగి లేస్తుంది. నేను వడ్రంగిని. మేడ మీద గదిలో మందపాటి రబ్బరు ముక్కల మీద చెక్క పట్టీలు వేసి, వాటి మీద రెండు పొరల ప్లైవుడ్ బిగించాను. పాపకు కాలి ముందు ఎముక పొడవునా వచ్చే నొప్పి నెల తిరగకుండా తగ్గింది.

ఇత్తడి_పళ్ళెం
మా బడిలో కూడా బండలే. మీరు వేసిన కొలతలు పంపగలరా? ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం ఆడేటప్పుడు చెక్క నేల మీద చప్పుడు ఎలా ఉంటుందో చూడాలి.

చెక్క_నేల
పంపుతాను మాస్టారూ. పళ్ళెం చప్పుడు బండ మీద ఉన్నంత గలగలగా ఉండదు, కాస్త బొంగురుగా ఉంటుంది.

కొర్లగుంట_అమ్మ
తరంగం అంటే గుర్తొచ్చింది. మా పిల్ల ఏడాదిగా పళ్ళెం మీద చేస్తోంది, పాదాలు గట్టిగా ఉన్నాయని గురువుగారు అంటారు. అయినా బాలేలో పాదం చాపి చూపించేటప్పుడు వేళ్ళు ముడుచుకుపోతున్నాయట. మోకాళ్ళు చాపి మునివేళ్ళ మీద పది సార్లు లేచేసరికి పిక్కలు వణుకుతున్నాయి. అరమండిలో అయితే మునివేళ్ళ మీద ఎంతసేపైనా ఉంటుంది. ఇదేమిటి? పైగా ఇప్పుడే, వేళ్ళ కొనల మీద నిలబడటానికి వేసుకునే ఆ గులాబీ రంగు పాయింట్ బూట్లు కొనిపెట్టమని పోరు పెడుతోంది.

మునివేళ్ళు
వేళ్ళ సంగతి నేను చెబుతాను, పిక్కల సంగతి కీళ్ళ_పని గారికి వదులుతాను.

పళ్ళెం అంచును వేళ్ళతో పట్టుకోవాలి. అంటే వేళ్ళు వంగి గట్టిగా అదుముకోవాలి. ఏడాదిగా అదే చేసిన పాదానికి "బిగించు" అనగానే వేళ్ళు ముడవడమే తెలుసు. బాలేలో చీలమండ నుంచి పాదం పూర్తిగా చాపాలి, వేళ్ళు మాత్రం పొడవుగా ఉండాలి, ముడుచుకోకూడదు. పాయింట్ బూటులో వేళ్ళు ముడిస్తే కణుపుల మీద బరువు పడుతుంది. నేల మీద కూర్చుని పాదాన్ని చాపి, వేళ్ళను ఎత్తి, దించి, మళ్ళీ చాపమనండి. మెల్లగా. చీలమండ ఒక పని, వేళ్ళు ఇంకొక పని అని పాదం నేర్చుకోవాలి. ఇంకొకటి చూడండి. చాపినప్పుడు పాదం కొడవలిలా లోపలికి వంగకూడదు. అలా వంగిన పాదం మీద లేస్తే చీలమండ బయటి వైపు బెణుకుతుంది.

బూట్లు మాత్రం ఇప్పుడే వద్దు. నాకు 13 దాటాక, మూడేళ్ళ పాఠం అయ్యాక ఇచ్చారు. అదీ ఒంటికాలి మీద మోకాలు చాపి 20 సార్లు తడబడకుండా లేవగలిగాకే. నాలుగు నెలలకే ఎవరైనా బూట్లు కొనమంటే వాళ్ళ మాట వినకండి.

కీళ్ళ_పని
పిక్కలో ముఖ్యంగా రెండు కండరాలు. పైన కనిపించే ఉబ్బు గ్యాస్ట్రోక్నీమియస్. అది మోకాలి పైనుంచి మొదలై మడమకు చేరుతుంది. దాని కింద సోలియస్, మోకాలి కిందనే మొదలవుతుంది. మోకాలు వంగితే పైకండరం వదులైపోయి పని ఎక్కువగా సోలియస్ మీద పడుతుంది. ఆరేళ్ళుగా మీ అమ్మాయి అరమండిలో మునివేళ్ళ మీద లేచింది, కాబట్టి సోలియస్ ఉక్కులా ఉంది. మోకాలు చాపి లేవమంటే పైకండరం కూడా పూర్తిగా పనిలోకి దిగాలి, దానికి ఆ అలవాటు లేదు. వారానికి మూడు రోజులు, గోడ పట్టుకుని, నిటారుగా, మెల్లగా లేచి మెల్లగా దిగితే నెలన్నరలో తేడా తెలుస్తుంది.

పాయింట్ మీద నిలబడేవాళ్ళకు బొటనవేలిని వంచే పొడవైన కండరం చాలా కష్టపడుతుంది. దాని టెండాన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు, చీలమండ లోపలి వైపు వెనకగా ఒక ఇరుకు దారిలో వెళ్తుంది. పాదం లోపలికి పడిపోతే, వేళ్ళు అదుముతూ ఉంటే ఆ దారిలో ఒరుసుకుని వాస్తుంది. బాలే వాళ్ళలో ఇది మామూలుగా కనిపించే సమస్య. కాబట్టి బూట్ల కంటే ముందు వంపు నిలబడాలి.

టర్నౌట్ పట్టి ఉంచేది పిరుదు పైకండరం కాదు. దాని కింద లోతున ఆరు చిన్న కండరాలు ఉన్నాయి. పిరిఫార్మిస్ వాటిలో ఒకటి. పిరుదులు రాయిలా బిగించుకుని నిలబడితే అవి సరిగా పనిచేయవు. పక్కకు పడుకుని, మోకాళ్ళు వంచి, మడమలు కలిపి, పై మోకాలిని పుస్తకం తెరిచినట్టు తెరవాలి. నడుము వెనక్కి దొర్లకూడదు. చేయి పిరుదు వెనక లోతుగా పెడితే ఆ కండరాలు బిగియడం వేలికి తెలుస్తుంది. రోజుకు రెండు వైపులా 15 సార్లు.

మెట్లదారి
ఇంతకీ ఈ 180 ఎవరి ఆలోచన? మన మాస్టారు జేన ఎడం అన్నారు కదా.

మునివేళ్ళు
ఫ్రాన్సు రాజు 14వ లూయీ స్వయంగా నాట్యం చేసేవాడు. 1661లో నాట్యానికి ఒక అకాడమీ పెట్టించాడు. ఆయన నాట్యాచార్యుడు పియేర్ బోషాం పాదాల ఐదు పొజిషన్లను క్రమబద్ధం చేశాడు. అప్పట్లో పాదాలు ఇంతగా తిప్పేవారు కాదు. రంగస్థలం మీద ప్రేక్షకులకు ఎదురుగా ఉంటూనే పక్కలకు సులువుగా కదలడానికి, కాలు పక్కకు ఎత్తడానికి పనికొస్తుంది కాబట్టి తర్వాతి తరాలు పెంచుకుంటూ పోయాయి. అంటే 180 శరీరం అడిగినది కాదు, వేదిక అడిగినది.

ఇత్తడి_పళ్ళెం
అమ్మగారి పిల్లను రెండూ నేర్చుకోనివ్వండి. "పరాయి నాట్యం" అనే మాట నాకు నచ్చలేదు. రుక్మిణీదేవి అరండేల్ ముందు బాలే నేర్చుకున్నారు. రష్యా బాలే నర్తకి అన్నా పావ్లోవా ప్రోత్సాహంతోనే మన నాట్యం వైపు తిరిగి, 1936లో కళాక్షేత్రం అనే నాట్య విద్యాలయం స్థాపించారు. ఒక నాట్యం మరో నాట్యాన్ని పాడుచేయదు, తొందరే పాడుచేస్తుంది. ఆ గురువుగారితో నేను మాట్లాడవలసి వస్తే మాట్లాడతాను.

కొర్లగుంట_అమ్మ
మూడు వారాలయింది. ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదని వచ్చాను.

ముందు డాక్టరుకు చూపించాం. లిగమెంట్ చిరగలేదు, సాగింది అన్నారు. రెండు వారాలు గెంతడాలు ఆపమన్నారు. బోర్లా పరీక్షలో కుడి తుంటి 50, ఎడమ 42 దాకా వచ్చింది. మేజోళ్ళతో గ్రానైట్ మీద నిలబడితే 100 కంటే కాస్త ఎక్కువ. చెన్నై టీచరుకు బొట్టుబిళ్ళలు అంటించిన వీడియో చూపించాను. భయపడుతూనే చూపించాను, ఆగిన_అడుగు గారి మాట గుర్తుచేసుకుని. ఆవిడ మూడుసార్లు చూసి, పిల్లను పిలిచి, పాదాలు 100 దగ్గర పెట్టించి సున్నంతో నేల మీద రెండు గీతలు గీశారు. "ఈ గీత దాటితే నాకు చెప్పు" అన్నారు. వంచి చాపే అలవాటు గమనించనందుకు బాధపడ్డారు కూడా.

నొప్పి చాలా తగ్గింది. నిన్న స్నానం చేసి తడికాళ్ళతో వంటింటి బండ మీద నిలబెట్టాను. కుడిపాదం ముద్రలో మధ్య భాగం సన్నగా, చంద్రవంకలా వచ్చింది. ఎడమది ఇంకా మొత్తం అచ్చు పడుతోంది. చెప్పు కూడా ఎడమదే లోపలి అంచున ఎక్కువ అరిగింది. ఆ కాలికి ఏం చేయాలి?

ఆగిన_అడుగు
అడిగారు చూడండి, అదే నాకు చాలు. పిల్లకు నా ముద్దులు.

కీళ్ళ_పని
ఎడమ తుంటి తక్కువ తిరుగుతుంది, రెండు పాదాలూ సమానంగా కనిపించాలని అది ఎక్కువ దొంగిలిస్తోంది. కాబట్టి ఎడమ పాదాన్ని కుడిదానికంటే కాస్త తక్కువ తిప్పమనండి. రెండు గీతలూ ఒకేలా ఉండనక్కరలేదని టీచరుకు చెప్పండి.

ఇప్పుడు కూర్చోబెట్టి ఎడమ బొటనవేలిని మీ చేత్తో పైకి ఎత్తండి. వంపు పైకి లేస్తోందా?

కొర్లగుంట_అమ్మ
లేస్తోంది. బాగా లేస్తోంది. మునివేళ్ళ మీద నిలబడినా వంపు కనిపిస్తోంది.

కీళ్ళ_పని
అయితే అది బిగుసుకుపోయిన చదును పాదం కాదు. వంపు ఉంది, దాన్ని పట్టే కండరాలు అలసిపోయాయి అంతే. కూర్చుని పాదం నేల మీద ఉంచి, వేళ్ళు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమ వైపు లాగినట్టు వంపు ఎత్తమనండి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పది సార్లు. అది వచ్చాక నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద. అరమండిలో కూడా అదే వంపు నిలిపి ఉంచమనండి, మాస్టారు ఒప్పుకుంటారు.

ఇత్తడి_పళ్ళెం
ఒప్పుకోవడమేమిటి, రేపటి నుంచి మా పిల్లలందరి చేతా చేయిస్తాను. అరమండి వేసే ముందు తడిపాదాల ముద్ర కూడా చూస్తాను. బండలు ఇంకో నెల ఉంటాయి, చెక్క నేల పని వచ్చే వారం మొదలు.

కొర్లగుంట_అమ్మ
ఆదివారం రైల్లో వెళ్తూ చేయిస్తాను. వచ్చే నెల ఎడమ పాదం ముద్ర ఫోటో ఇక్కడే పెడతాను.